పంపేవారి పేరు

ఆ వానాకాలం మా భోజనాల బల్ల మీద భోజనాలు జరగలేదు. వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడో, గుమ్మంలో కూర్చుని ఒళ్లో పళ్లెం పెట్టుకునో తిన్నాం. బల్ల మీద కంప్యూటరు ఉండేది. దాని పక్కన చిన్న తూకం యంత్రం, ఆ రెండింటినీ కలుపుతూ బల్ల కింది దాకా వేలాడే వైర్లు. నేను గుడ్డ పట్టుకుని అటు వెళ్తే చాలు, మా మరిది, “వదినా, దుమ్ము దులుపు గానీ వైర్ల జోలికి పోకు,” అనేవాడు. ఉన్న దుమ్మంతా వైర్ల మీదే ఉండేది.

మా ఆయనా, మరిదీ ఇంటి వెనక రేకుల షెడ్డులో కంప్యూటర్లు తయారుచేసేవారు. పెట్టె పని మా ఆయనది. రేకు కత్తిరించడం, వంచడం, లోపల బోర్డు బిగించడం, పైన బిస్కెట్ రంగు వెయ్యడం అన్నీ ఆయన చేతి మీదే జరగాలి. లోపల నడిచే ప్రోగ్రాం మరిది రాసేవాడు. చుట్టుపక్కల చిన్న చిన్న ఆఫీసులు వీళ్ల దగ్గర కొనేవి. మా బతుకు మేం బతికాం.

ఆ ఏడు పెద్ద కంపెనీల కన్ను అదే వ్యాపారం మీద పడింది. ఆఫీసులో గుమాస్తాకి అన్ని హంగులున్న కంప్యూటరు ఎందుకు, చేసే నాలుగు పనులూ సులువుగా చేసిపెట్టే మిషను చాలదా అని ప్రచారం మొదలుపెట్టాయి. ఫ్లాపీ పెట్టే చోటు ఉండదు, విప్పడానికి స్క్రూ ఉండదు. అసలు పనంతా హెడ్డాఫీసులో ఉండే పెద్ద మిషను చేస్తుంది. బల్ల మీది పెట్టె దానికి కిటికీ లాంటిది. ఒకరు మా దాంట్లో ఒక్క బటనే ఉందంటే, ఇంకొకరు మా దాంట్లో అది కూడా లేదన్నారు.

సరిగ్గా అప్పుడే మా మామగారు పనిచేసి రిటైరైన పార్సిల్ కంపెనీ, తన బ్రాంచీలన్నిటికీ అలాంటి మిషన్లు కొనాలనుకుంది. ముగ్గురిని రమ్మంది. ఇద్దరు పెద్దవాళ్లు, మూడోది మేము. మామగారి మీది గౌరవంతోనే మమ్మల్ని పిలిచారని మాకు తెలుసు. వానలు తగ్గేలోగా ముగ్గురి మిషన్లూ పెద్ద బ్రాంచి కౌంటరు మీద పక్కపక్కన పెట్టి చూస్తారు. నచ్చినవాళ్లకి ఆర్డరు. అది వస్తే షెడ్డు నిలుస్తుంది, రాకపోతే మూసెయ్యడమే. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరమూ దాని మీదే పడుకుని దాని మీదే లేచేవాళ్లం.

మిషను సులువుగా ఉందో లేదో తేల్చేది ఎవరు? చేసినవాడికి తను చేసింది ఎప్పుడూ సులువుగానే ఉంటుంది. అందుకు మా ఆయన ఒక పద్ధతి పెట్టారు. మామగారు బుకింగు కౌంటరులో జుట్టు నెరిసిన మనిషి. కంప్యూటరు ముట్టుకుని ఎరగరు. “నాన్నకి ఎవర్నీ అడక్కుండా వాడడం వస్తే అందరికీ వచ్చినట్టే. నాన్న ఎక్కడ ఆగితే అక్కడ తప్పు మనది,” అన్నారు.

“మరి నాకు జీతం ఎవరిస్తార్రా పెద్దోడా?” అన్నారు మామగారు. పెద్దకొడుకుని పెద్దోడా అనీ, చిన్నకొడుకుని చిన్నోడా అనీ పిలిచేవారు.

“నీ కోడలు టీ ఇస్తుంది,” అన్నాడు చిన్నోడు.

“టీ రోజూ ఇస్తూనే ఉంది కదరా. ప్రమోషను అన్నా ఇవ్వండి.”

అలా మొదలైంది. అత్తగారు పోయిన తర్వాత మామగారు మధ్యాహ్నాలు ఏం చెయ్యాలో తెలియక కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే బండ్లు చూసేవారు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ ఖాళీ అయింది. భోజనం కాగానే లోపలికి వెళ్లి, చొక్కా టక్ చేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, బూట్లు తొడుక్కుని వచ్చేవారు. పడకగదిలోంచి భోజనాల బల్ల దాకా బూట్లతో నడిచి వచ్చి, కుర్చీ సర్దుకుని, నావైపు తిరిగి, “ఎక్కడికి పంపాలండీ?” అనేవారు, మీసాల చాటున నవ్వుతూ.

పార్సిలు పంపడానికి వచ్చిన మనిషి వేషం నాది. ఇంట్లో చేతికి దొరికిన వస్తువు పట్టుకెళ్లేదాన్ని. దిండు బుక్ చేశాం. ఇస్త్రీపెట్టె బుక్ చేశాం. మరిది కొత్త చెప్పులు అతనికి తెలియకుండా ఎక్కడో ఉన్న ఊరికి పంపించేశాం. ఏ వస్తువైనా తూకం యంత్రం మీద పెట్టే ముందు మామగారు ఒకసారి చేత్తో ఎత్తి బరువు చెప్పేవారు. తర్వాత యంత్రం అదే అంకె చూపించేది. “మీ మిషను బాగానే తూస్తోందిరా,” అని మెచ్చుకునేవారు.

పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, ఊరు, సరుకు ఏమిటి, ఎన్ని పెట్టెలు, బుక్ చేసిన గుమాస్తా పేరు. తెర మీద ఒక్కొక్క ప్రశ్నే వచ్చేది. అన్నీ నింపి చివరి మీట నొక్కితే మిషనులోంచే రసీదు వచ్చేది. ఆ రసీదు చించి నా చేతికిస్తూ, కౌంటరులో అన్నేళ్లూ అన్న మాటే అనేవారు. “చేరిపోతుందండీ. దిగులు పెట్టుకోకండి.”

మొదటి రోజుల్లో ఆయన చెప్పినవన్నీ పనికొచ్చాయి. వాన పడుతుంటే మనిషి తడి చేతులతో నిలబడి ఉంటాడు, ముందు ఊరు అడగండి, పేరు తర్వాత అన్నారు. అక్షరాలు పెద్దవి చెయ్యమన్నారు. ఆ ఎర్ర గడి ఎందుకు, చూస్తే ఏదో తప్పు చేసినట్టుంది అన్నారు. మరిది సాయంత్రం కూర్చుని మార్చేవాడు, మర్నాడు మధ్యాహ్నం మామగారు చూసి తల ఊపేవారు. మిషను రోజురోజుకీ తేలికపడుతుంటే మా ఆయన ముఖమూ తేలికపడింది. షెడ్డులోంచి ఈల వినిపించేది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన ఈల నేను వినలేదు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వచ్చాడు. ఆ పేరు మరిది పెట్టింది. అతను ఆ ఇద్దరు పెద్దవాళ్లలో మరీ పెద్ద కంపెనీ మనిషి. అంత వానలో వచ్చినా చొక్కా మీద ఒక్క మడత లేదు. చేతిసంచీలోంచి వాళ్ల మిషను తీసి అరుగు మీద పెట్టాడు. లావుపాటి పుస్తకమంత ఉంది, నల్లగా, ఎక్కడా అతుకు లేకుండా.

“మీ పని నేను చూశాను సార్, బాగుంటుంది, కాదనను,” అన్నాడు మా ఆయనతో. “కానీ మీరు ఒకటి బిగించేలోపు మా దగ్గర ఒక లారీ నిండుతుంది. పోటీ ఎందుకు, మా వైపు వచ్చెయ్యండి. ఈ చుట్టుపక్కల సర్వీసంతా మీ అన్నదమ్ములకే రాసిస్తాం.”

“విప్పడానికి స్క్రూ కూడా లేని పెట్టెకి సర్వీసు ఏం చేస్తామండీ? తుడుస్తామా?” అన్నారు మా ఆయన.

అతను కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు. మామగారు ఆ నల్లపెట్టెను రెండు చేతులతో ఎత్తి చూసి, “బరువే లేదు. లోపల ఏమైనా పెట్టడం మర్చిపోయారేమో చూసుకోండి బాబూ,” అన్నారు. ఆ మాటకు అందరమూ నవ్వాం, ఇస్త్రీ చొక్కా కూడా. అతను వెళ్లాక మరిది మాత్రం గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. అన్న కాదన్న మాట తమ్ముడి చెవిలో ఇంకా ఉందని నాకు అనిపించింది.

ఆ తర్వాత, సరిగ్గా ఎప్పుడని చెప్పలేను, మామగారు ఆగడం మొదలుపెట్టారు.

నేను ఆ రోజు కుక్కరు పట్టుకెళ్లాను. ముందు రోజు పట్టుకెళ్లిందీ అదే కుక్కరు. బరువు చెప్పారు, ఊరు కొట్టారు. ఎన్ని పెట్టెలు అన్న దగ్గర ఆగిపోయారు. తెర వంకా, కుక్కరు వంకా చూశారు. “ఇది కొత్తగా పెట్టావేమిట్రా చిన్నోడా?” అన్నారు.

మొదటి రోజు నుంచీ ఉంది నాన్నా అనబోయిన మరిది, అన్న ముఖం చూసి ఊరుకున్నాడు. మా ఆయన బల్ల అంచు మీద వేళ్లతో కొట్టుకుంటూ ఆలోచించారు. “ఎక్కువమంది పంపేది ఒక్క పెట్టే కదా. ఆ ప్రశ్న తీసెయ్,” అన్నారు.

తీసేశారు. ఇంకోరోజు, తప్పు పడితే వెనక్కి వెళ్లే మీట దగ్గర ఆగారు. వెనక్కి వెళ్లాక ఎక్కడున్నారో తెలియక మళ్లీ వెనక్కి, మళ్లీ వెనక్కి నొక్కుకుంటూ మొదటికి పోయారు. ఆ మీటా తీసేశారు. సరుకు ఏమిటన్న ప్రశ్న పోయింది. అందుకునేవారి పేరు పోయింది. మనిషి వచ్చి రసీదు చూపించి తీసుకుంటాడు, పేరెందుకు అన్నారు మా ఆయన. ఒక రోజు గుమాస్తా పేరు దగ్గర మామగారు తడుముకోకుండా టకటకా కొట్టేశారు. వెనక నిలబడి చూస్తున్నాను. ఆ పేరు ఆయనది కాదు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో హెడ్డుగా ఉన్న గుమాస్తా పేరు. ఆ పెద్దమనిషి పోయి ఎన్నేళ్లో అయింది.

“మిషను ముందు కూర్చున్నది ఎవరో మిషనుకే తెలియాలి. మనిషిని అడగడమే తప్పు,” అన్నారు మా ఆయన. అదీ పోయింది.

ఆ సాయంత్రం మరిది వంటింటి గుమ్మంలో చతికిలపడ్డాడు. “ఇంక తియ్యడానికి ఏమీ లేదు వదినా. ఇంకా తీస్తే మిగిలేది రేకు డబ్బా,” అన్నాడు. అని, పళ్లెంలో అన్నం కెలుకుతూ, “నాన్నకి ఏమైంది?” అన్నాడు నావైపు చూడకుండా.

ఏమైందో నాకు తెలియదు. కానీ మధ్యాహ్నాలు ఆయన పక్కన కూర్చునేది నేను. బూట్ల లేసులు కట్టుకోవడం మధ్యలో ఆపి వాటి వంక చూస్తుండడం నేను చూశాను. పంపు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కోకుండా తిరిగి రావడం చూశాను. టీ తాగిన గ్లాసు పక్కనే పెట్టుకుని, అమ్మాయ్, ఇవాళ టీ లేదా అని మర్యాదగా అడగడం విన్నాను. ఒక్క బరువు మాత్రం ఎప్పుడూ తప్పేవారు కాదు. ఆ చేతులు ఏదీ మర్చిపోలేదు.

మర్నాడు షెడ్డులోకి వెళ్లాను. రేకుల మీద వాన హోరున పడుతోంది. మా ఆయన కౌంటరు మీద పెట్టబోయే పెట్టెకి రంగు వేస్తున్నారు.

“మామయ్యగారికి నిన్న వచ్చింది ఇవాళ రావడం లేదండీ,” అన్నాను.

“అంటే నిన్నటిది ఆయనకి పట్టలేదన్నమాట. పట్టేలా చెయ్యడం మన పని.”

“నేను మిషను సంగతి చెప్పడం లేదు.”

“వాడేవాడిది తప్పు అనే మాట ఈ షెడ్డులో అనకూడదు,” అన్నారాయన. గొంతు పెంచలేదు. “అలా అన్నవాళ్లెవరూ మంచి మిషను చెయ్యలేదు.”

నేను ఇంకా కాసేపు అక్కడే ఉన్నాను. ఆయన కుంచె ఆగలేదు. కానీ వేసిన చోటే మళ్లీ మళ్లీ వేస్తున్నారు. రంగు కింద రంగు మందంగా పేరుకుని, పెట్టె మూలన చుక్కగా జారింది. ఆయన అది చూడలేదు. రంగు జారితే చూడకుండా వదిలే మనిషి కాదు.

కౌంటరు దగ్గర చూపించే రోజుకి మిషనులో రెండే ప్రశ్నలు మిగిలాయి. ఊరు, పంపేవారి పేరు.

ఆ రోజూ వానే. మిషన్ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు మరిది బండిలో ఒళ్లో పెట్టుకున్నాడు. నేనెందుకన్నాను గానీ, నేను రానిదే మామగారు కదలనన్నారు. పాత ఆఫీసుకి వెళ్తున్నామని పొద్దున్నుంచే బూట్లు తొడుక్కుని కూర్చున్నారు.

పార్సిలు ఆఫీసు పొడుగాటి హాలు. తడిసిన అట్టపెట్టెల వాసన. నేల మీద సిమెంటు అరిగి, కౌంటరు ముందు మనుషులు నిలబడే చోట నున్నగా గుంట పడి ఉంది. లోపలికి అడుగు పెట్టగానే మామగారి నడక మారింది. వెన్ను నిటారు అయింది. ఎవరూ చెప్పకుండానే పక్క తలుపు తీసుకుని కౌంటరు అవతలికి వెళ్లిపోయారు. పాతవాళ్లు ఇద్దరు ముగ్గురు లేచి నమస్కారం పెట్టారు. మా ఆయన నావైపు చూశారు. చూశావా అన్నట్టుంది ఆ చూపు. నాకూ ప్రాణం లేచి వచ్చింది.

మూడు మిషన్లూ వరసగా పెట్టారు. మేనేజరు నెమ్మదైన మనిషి, మూడింటి ముందూ ఒక్కతీరుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బుకింగు చూసే గుమాస్తా ఒక చురుకైన అమ్మాయి. ముందు రెండు మిషన్ల మీదా ఒక్కొక్క పార్సిలు బుక్ చేసింది. ఇస్త్రీ చొక్కా వాళ్ల నల్లపెట్టె మీద కాస్త తడబడింది గానీ, అతను ఒక మాట అందించగానే సర్దుకుపోయింది. తర్వాత మా దాని ముందు కూర్చుంది. రెండు ప్రశ్నలకీ చకచకా జవాబులు కొట్టి, చేతులు గాల్లో ఆపింది.

“మిగతావి ఏవండీ?” అంది.

“అంతేనమ్మా. అయిపోయింది,” అన్నారు మా ఆయన.

“ఒకే మనిషి పది పెట్టెలు తెస్తే?”

మా ఆయన మరిది వంక చూశారు.

“ఊరి పేరు తప్పు కొట్టానండీ. వెనక్కి ఎలా వెళ్లాలి?”

“వెనక్కి లేదు,” అన్నాడు మరిది, నేల చూస్తూ.

ఆ అమ్మాయి ఎగతాళి చెయ్యలేదు. అయోమయంగా మేనేజరు వంక చూసింది, అంతే. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. మా ఆయన అతన్ని మాట్లాడనివ్వకుండా ముందుకు వచ్చారు. అనుభవం ఉన్న గుమాస్తాలకి ఇవన్నీ కావాలనిపిస్తుంది గానీ, బ్రాంచీల్లో కొత్తవాళ్లుంటారనీ, కంప్యూటరు పేరు వింటేనే భయపడే పెద్దవాళ్లుంటారనీ, అసలు సులువంటే ఏమిటో ఇప్పుడు చూపిస్తాననీ గబగబా చెప్పారు. “మా నాన్నగారు మీ అందరికీ తెలుసు. ఆయన చేతికివ్వండి,” అన్నారు.

మామగారు కుర్చీ సర్దుకుని కూర్చున్నారు. మా ఆయన కౌంటరుకి ఇవతల, ఆ అరిగిన గుంటలో నిలబడ్డారు. బండి దిగి మరిదితో పాటు మిషన్ని వానకు తడవకుండా కాస్తూ వచ్చారేమో, జుట్టులోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. పక్కన ఉన్న అట్టపెట్టె ఒకటి ఎత్తి కౌంటరు మీద పెట్టారు.

మామగారు దాన్ని చేత్తో ఎత్తి చూసి బరువు చెప్పారు. తూకం యంత్రం అదే చూపించింది. హాల్లో ఎవరో భలే అన్నారు.

“ఎక్కడికి పంపాలండీ?” అన్నారు మామగారు.

మీసాల చాటున నవ్వు లేదు. నేను చూశాను.

మా ఆయన ఆ కంపెనీ చివరి బ్రాంచి ఉన్న ఊరు చెప్పారు. మామగారు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొట్టారు. తప్పు పోలేదు. తెర మీద రెండో ప్రశ్న వచ్చింది.

“పంపేవారి పేరు?”

మా ఆయన తన పేరు చెప్పారు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

మామగారు తలెత్తారు. ముఖం విచ్చుకుంది. “మా పెద్దబ్బాయి పేరు కూడా ఇదేనండీ,” అన్నారు. “కంప్యూటర్లు చేస్తాడు.”

గుమాస్తాలు నవ్వారు. పెద్దాయన సరదా మనిషి అనుకున్నారు. ఇస్త్రీ చొక్కా కూడా నవ్వబోయి, మా ఆయన ముఖం చూసి ఆగిపోయాడు.

మా ఆయన కౌంటరు అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు. “అలాగా అండీ,” అన్నారు.

“బంగారం లాంటి పిల్లాడు. కాస్త మొండి,” అన్నారు మామగారు. పరీక్షగా చూసి, “అయ్యో, బాగా తడిసిపోయారు. నిలబడ్డారేం, అలా కూర్చోండి బాబూ,” అని బెంచీ చూపించారు.

మా ఆయన వెళ్లి ఆ బెంచీ మీద కూర్చున్నారు.

మామగారి చేతులు మీటల మీదే ఉన్నాయి. ఏం చెయ్యాలో చెప్పమన్నట్టు హాలంతా వెతికి వెతికి నన్ను చూశారు. నేను కౌంటరు అవతలికి వెళ్లి, పక్కన నిలబడి, “ఇంటికి వెళ్దాం మామయ్యగారూ, టీ వేళయింది,” అన్నాను. మారు మాట్లాడకుండా లేచారు. బయట వాన పెరిగింది. గొడుగు లేకుండా వచ్చేశామని అప్పుడు గుర్తొచ్చింది. వెనక నుంచి ఇస్త్రీ చొక్కా గొడుగుతో వచ్చి, మామగారి తల మీద పట్టి, బండి దాకా నడిపించాడు. అతని చొక్కా భుజం దాకా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. తలుపు వేసి వెళ్లిపోయాడు.

ఆర్డరు నల్లపెట్టెకి వెళ్లింది. మేనేజరు స్వయంగా మా ఇంటికి వచ్చి చెప్పాడు. మీ మిషనులో వంక పెట్టడానికి లేదు గానీ మా వాళ్లకి ఇంకొంచెం ఎక్కువ పని ఉంటుంది సార్ అన్నాడు. ఆ మాటకు మా ఆయన అవునండీ అన్నారు. డాక్టరు దగ్గరికి కూడా ఆ వారమే వెళ్లాం. ఆయన చెప్పిన జబ్బు పేరు పలకడానికి కష్టంగా ఉంది. అర్థం చేసుకోవడానికి మాత్రం ఏ కష్టమూ లేదు, వానాకాలమంతా దాన్నే చూశాం గనుక.

మరిది ఇస్త్రీ చొక్కా వాళ్ల కంపెనీలో చేరతానన్నాడు. మా ఆయన వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆ ముభావమే తగువైంది. మరిది కొత్త ఊళ్లో గది తీసుకుని, సెలవురోజు వచ్చి నాన్నని చూసి, నాతో రెండు మాటలు మాట్లాడి వెళ్లేవాడు. అన్నదమ్ములిద్దరిలో ఒకరు గదిలోకి వస్తే ఇంకొకరికి ఏదో పని గుర్తొచ్చేది. షెడ్డులో సామాను ఒక్కొక్కటే వెళ్లిపోయింది. మా ఆయన ఎవరిదో రిపేరు దుకాణంలో పనికి కుదురుకున్నారు. కౌంటరు మీంచి తిరిగొచ్చిన మిషన్ని ప్లాస్టిక్ కాగితం విప్పకుండానే మెట్ల కింద పెట్టేశారు.

భోజనాల బల్ల మళ్లీ భోజనాలకు వచ్చింది. కానీ మధ్యాహ్నం కాగానే మామగారు చొక్కా టక్ చేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి, ఖాళీ బల్ల ముందు కూర్చునేవారు. వేళ్లు బల్ల మీద కదిలేవి. చుట్టూ చూసి, “ఇవాళ లైనులో ఎవరూ లేరా?” అని అడిగేవారు. కొన్ని రోజులు ఆ ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఒకరోజు నావల్ల కాలేదు. మెట్ల కింద నుంచి మిషన్నీ తూకం యంత్రాన్నీ తీసి, తుడిచి, ఏ వైరు ఎక్కడ పెట్టాలో గుర్తు చేసుకుంటూ పెట్టాను. జోలికి పోవద్దన్న వైర్లే. తెర వెలిగింది. మామగారు కుర్చీ సర్దుకున్నారు.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చి చూశారు. ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి వెళ్లిపోయారు. మిషన్ని తియ్యమని మాత్రం అనలేదు.

వానలు తగ్గిపోయాయి. కొన్నాళ్లకు మామగారికి పంపేవారి పేరు దగ్గర కష్టం మొదలైంది. నేను నా పేరు చెప్పేదాన్ని. ఆయన విని, తెర వైపు తిరిగేలోపే అది జారిపోయేది. మళ్లీ అడిగేవారు. మళ్లీ చెప్పేదాన్ని. మూడోసారి అడగడానికి మొహమాటపడి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆయన అలా తల వంచుకుని కూర్చుంటే చూడలేకపోయాను. మరిదికి ఫోను చేసి, వచ్చే సెలవుకి వచ్చినప్పుడు కాస్త పని ఉందన్నాను.

అతను వచ్చాడు. కొత్త కంపెనీ చొక్కా, ఇస్త్రీ మడతతో సహా. బల్ల ముందు కూర్చుని ప్రోగ్రాం తెరిచాడు. కాసేపటికి మా ఆయన లోపలి గదిలోంచి వచ్చి, కుర్చీ లాక్కుని, బల్లకి ఇంకో వైపు కూర్చున్నారు. తమ్ముడి వైపు చూడకుండా తెర చూశారు.

“ఏది తీద్దామంటావ్?” అన్నాడు మరిది.

“పేరు తీసెయ్,” అన్నారు మా ఆయన.

ఆ మధ్యాహ్నం మామగారు వచ్చి కూర్చున్నాక నేను వంటింట్లో చేతికి దొరికేది వెతుకుతున్నాను. వచ్చేసరికి నా చోట మా ఆయన నిలబడి ఉన్నారు. షెడ్డులో మిగిలిన ఆఖరి వస్తువు, ఆయన పనిముట్ల పెట్టె, తెచ్చి బల్ల మీద పెట్టారు. దాని మీద బిస్కెట్ రంగు చుక్కలు ఎండిపోయి ఉన్నాయి.

మామగారు రెండు చేతులూ వేసి ఎత్తారు. బరువు చెప్పారు. తూకం యంత్రం వంక ఎవరూ చూడలేదు.

“చాలా బరువుందండీ. ఒక్కరే మోసుకొచ్చారా?”

“లేదండీ,” అన్నారు మా ఆయన. “మా తమ్ముడు కూడా ఒక చెయ్యి వేశాడు.”

మరిది కిటికీ వైపు తిరిగాడు.

“ఎక్కడికి పంపాలండీ?”

మా ఆయన పెట్టె మీది రంగు చుక్కని గోటితో గీకారు. “ఇంటికండీ,” అన్నారు చివరికి.

మామగారు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టారు. ఇంకో ప్రశ్న రాలేదు. మీట నొక్కారు. రసీదు చించి ఎదురుగా ఉన్న మనిషికి ఇచ్చారు. ఇస్తూ ఆయన ముఖంలోకి చూసి, ఆ చేతి మీద చెయ్యి వేశారు.

“చేరిపోతుందండీ,” అన్నారు. “దిగులు పెట్టుకోకండి.”